తొలి ఓడ వచ్చేలోగా

డులూత్‌లో మార్చి అంటే
సరస్సు ఇంకా నోరు తెరవని నెల.
ఓడలు లేవు, వంతెనకు పని లేదు,
వంతెనను పైకెత్తే నాకూ లేదు.
ఈ సందు చూసుకునే పుట్టింది తూవ.

మూడో రోజు
చెంచాలో సగానికైనా రాని ముర్రుపాలు,
పచ్చగా, జిగటగా,
తేనెసీసా అడుగున మిగిలినంత.
ఇంతేనా? అన్నాను.
దాని పొట్టెంతని, గోలీకాయంత! అంది ఇర్మా నర్సు.
నేను నమ్మలేదు.

తూకం యంత్రం మాటైతే నమ్మాను.
పుట్టినప్పటికన్నా రెండు వందల గ్రాములు తక్కువ.
మొదట్లో తగ్గడం మామూలే అంటారు.
తగ్గిన ఆ రెండు వందల గ్రాములూ
రాత్రంతా నా గుండెల మీదే కూర్చున్నాయి.

ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం.
తడిసిన గుడ్డకు ఒక గీత, దొడ్డికెళ్తే ఒక చుక్క.
ఓడల రాకపోకలు రాసే చేతివ్రాతతోనే రాస్తున్నాను:
2:10. ఎడమ. పదకొండు నిమిషాలు. నిద్రపోయింది.
3:05. కుడి. ఏడ్చింది.
నేనూ.

ఐదోనాడు పాలు పడ్డాయి.
పడ్డాయనడం చిన్నమాట,
రొమ్ములు రాళ్లయ్యాయి.
పిల్ల నోరు ఆ రాతి మీద జారిపోయి, జారిపోయి,
పిడికిలి బిగించి నన్ను తిట్టింది.
డెల్ తువ్వాలు వేడినీళ్లలో ముంచి తెచ్చి
ఎక్కడ వెయ్యాలో తెలీక
గుమ్మంలో నిలబడ్డాడు, చేతులు కాలుతున్నా.

కార్లా వదిన పంపు ఇచ్చి వెళ్లింది.
ఇవాళే మొదలెట్టు, ఫ్రీజర్ నింపుకో అంది.
సీసా మరిగితే రొమ్ము మరుస్తుంది అంది డెల్ తల్లి.
డబ్బా బల్ల మీదే ఉంది, మూత తియ్యని తీర్పులా.

ఇర్మా చేతులు కడుక్కుంటూనే మాట్లాడుతుంది:
"పిల్ల పట్టుకోలేకపోయినా, బరువెక్కకపోయినా
ఆ పూటే నాకు ఫోను చెయ్యి, అప్పుడు లెక్క వేరు.
పెరుగుతోందా, ఆగు.
మూడు నాలుగు వారాలు మీరిద్దరే చూసుకోండి.
గడ్డం ముందు ఆనాలి, ముక్కు తర్వాత.
బుగ్గలు సొట్టపడితే తీసి మళ్లీ పట్టించు.
గుటక వినపడుతోందా?"

వెయ్యి అడుగుల ఓడల కూతలకు అలవాటైన చెవులు నావి.
ఇంత చిన్న చప్పుడు కోసం
ఊపిరి బిగబట్టింది ఎప్పుడని?
పదకొండో రాత్రి విన్నాను.
క్... క్... మధ్యలో ఒక నిట్టూర్పు,
మళ్లీ క్.
డెల్‌ని లేపి వినిపించాను.
ఏమీ వినపడలేదన్నాడు, వినపడ్డట్టే తలూపాడు.

నాలుగో వారం, తెల్లారగట్ల పాలిచ్చాక,
పంపు డబ్బా విప్పాను.
ఇరవై నిమిషాల గురగుర.
సీసాలో అడుగు తడిసింది, అంతే.
డెల్ దాన్ని వెలుతురుకెత్తి చూశాడు,
మాట్లాడకుండా టేపు మీద తారీఖు రాసి అతికించాడు.
ఆ అతికించడం చాలాకాలం గుర్తుంటుంది.

ఈ ఏడు మంచు మొండికేసింది.
ఏప్రిల్ సగానికి గానీ దారివ్వలేదు.
నా సెలవుకూ దానికీ ఒకేరోజు గడువు తీరింది.

వంతెన మీది గది. తలుపుకు గొళ్లెం.
ఒళ్లో పంపు, ఎదురుగా తూవ ఫోటో,
దాని టోపీ కూడా తెచ్చాను, వాసన చూడమన్నారని.
చూశాను. చుక్క రాలేదు.
యంత్రానికి ఒళ్లు లొంగదు కాబోలు.

అప్పుడు పొగమంచులోంచి
తొలి ఓడ కూత, పొడుగ్గా, ఆకలిగా.
నా ఒళ్లు దాన్ని ఏమని విందో గానీ
జివ్వుమని చేపుకొచ్చింది,
రెండు వైపులా, చొక్కా దాటి.

వంతెన ఎత్తాలి. సీసాలు పట్టుకోవాలి.
ఉన్నవి రెండు చేతులు.
మోచేతితో ఒకదాన్ని అదిమి
మీట నొక్కాను.
ఇనుమంతా మూలుగుతూ పైకి లేచింది,
కింద ఎర్రటి ఓడ నింపాదిగా, గర్వంగా పోయింది,
నన్నెవరూ చూడలేదు.

ఓడల పుస్తకం తీసి రాశాను:
6:42. ఎడమ.
సిరాపెన్ను. కొట్టేస్తే మరీ కనపడుతుంది.
అలాగే వదిలేశాను.